అక్కకు రాసే ఉత్తరంలో మీరెక్కడ?

ప్రశ్న: నా వయసు 46. మూడేళ్ళుగా ప్రతి నెలాఖరున, దూరంగా ఉంటున్న మా అక్కకు ఒక ఉత్తరం రాస్తున్నాను. ఆ నెలలో చదివిన పుస్తకాల గురించి ఒక భాగం, నాకు దొరికిన చిన్న చిన్న సంతోషాల గురించి ఒక భాగం అందులో ఉంటాయి. మొదట్లో ఎంతో ఇష్టంగా రాసేదాన్ని. ఉత్తరానికి సరుకు కావాలని కొన్ని అలవాట్లు చేసుకున్నాను. చదివిన ప్రతి పుస్తకం పేరు, పేజీల సంఖ్య, నా అభిప్రాయం ఒక నోటు పుస్తకంలో రాస్తాను. నచ్చిన పేజీలను ఫోనుతో ఫొటో తీసి దాచుకుంటాను. రాత్రి పడుకునే ముందు ఆ రోజు దొరికిన మూడు సంతోషాలు రాస్తాను. నిరుడు 41 పుస్తకాలు చదివాను. కాని మొన్న అక్క ఫోనులో "వాటిలో నీకు బాగా గుర్తున్నది ఒకటి చెప్పు" అంటే నాకు నోట మాట రాలేదు. పోయిన నెల ఉత్తరం చదివాక "బాగా రాశావు, కాని అందులో నువ్వెక్కడా కనబడలేదు" అంది. ఆ మాట నన్ను కుదిపేసింది. సంతోషాల జాబితా కూడా ఇప్పుడు ఇంటి ఖర్చుల లెక్క రాసినట్టే ఉంది. నా జ్ఞాపకశక్తి తగ్గిపోతోందా? కళ్ళు కూడా త్వరగా అలిసిపోతున్నాయి. ఇంత చిన్న విషయాల మీద ఇంత సమయం పెట్టడమే తప్పా? ఇదంతా మానేయమంటారా? ఆ ఉత్తరంలోని ఒక పేజీని దీనితో జతచేస్తున్నాను.

సమాధానం: మీ ఉత్తరాన్ని, దానితో పంపిన పేజీని ఒకటికి రెండుసార్లు చదివాను. మీ అక్కగారి మాటను మీరు తప్పుపట్టడంగా తీసుకున్నట్టున్నారు. మూడేళ్ళుగా నెలనెలా మీ ఉత్తరం కోసం ఎదురుచూసే మనిషి, అందులో పుస్తకాల వివరాలన్నీ ఉన్నా చెల్లెలు కనబడకపోయేసరికి, ఆ వెలితిని మనసులో పెట్టుకోకుండా చెప్పారు. అలా పట్టుకుని చెప్పగలిగేంత శ్రద్ధగా చదివేవారు ఒక్కరు ఉన్నా రాసేవారికి అంతకు మించిన అదృష్టం లేదని నేను నమ్ముతాను. కాబట్టి మానేయాలన్న ఆలోచనను పక్కన పెట్టండి. ఉత్తరానికి సరుకు కూర్చుకునే పద్ధతిని మార్చుకుంటే చాలు.

మీరు పంపిన పేజీలో ఒక నవల గురించి ఇలా ఉంది: "312 పేజీలు. కథనం మొదటి నుంచి చివరి వరకు ఆసక్తికరంగా సాగింది. పాత్రల చిత్రణ సహజంగా ఉంది. రచయిత మానవ సంబంధాలను చక్కగా ఆవిష్కరించారు. ముగింపు ఆలోచింపజేస్తుంది." ఈ వాక్యాల్లో తప్పేమీ లేదు. అయితే వీటిని మరో నవల పేరు కింద పెట్టినా అతికినట్టు సరిపోతాయి. మీరు కాక వేరొకరు రాశారన్నా నమ్మవచ్చు. పుస్తకం వెనక అట్ట మీద వేసే మాటలు ఇలాగే ఉంటాయి, ఎందుకంటే అవి ఫలానా పాఠకుడు, ఫలానా రోజు అని లేకుండా అందరి కోసం రాసినవి. వాటి చివర, బ్రాకెట్లలో, చెప్పీ చెప్పనట్టుగా మీరు ఒక వాక్యం చేర్చారు: "చివరి ముప్పై పేజీలూ కరెంటు పోతే ఫోను వెలుగులో చదివాను." పేజీ మొత్తం మీద మీరు కనబడిన చోటు అదొక్కటే.

నేను అక్కడే ఆగిపోయాను. కరెంటు వచ్చేదాకా ఎందుకు ఆగలేకపోయారు? ఒక చేతిలో ఫోను, మరో చేతిలో పుస్తకం ఉన్నప్పుడు పేజీ ఎలా తిప్పారు? ఫోనును గడ్డం కింద నొక్కిపట్టుకున్నారా, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నారా? ఆ కాస్త వెలుగు ఒక పేజీ మీదే పడుతుంటే ఎదుటి పేజీ చీకట్లో ఉండిపోయి, కథ ముందుకు ఎటు పోతుందో కంటికి ముందుగా తెలిసిపోయే వీలు లేకుండా పోయిందా? కరెంటు వచ్చినప్పుడు ఫ్యాను తిరగడం మొదలైన చప్పుడు మీకు వినబడిందా, లేక అప్పటికి మీరు ఆ ఇంట్లో లేరా? 312 పేజీల నవలలో ఏదో ఒకటి మిమ్మల్ని చీకట్లో అంతసేపు కూర్చోబెట్టింది. అదేమిటో మీ అక్కగారికి తెలియాలి. పాత్రల చిత్రణ సహజంగా ఉందన్న మాటకు అసలు సాక్ష్యం ఆ ఫోను వెలుగే, మీరేమో దాన్ని బ్రాకెట్లలో దాచేశారు.

ఈ సంగతి నాకు నా సొంత నోటు పుస్తకం వల్లే తెలిసింది. చాలా ఏళ్ళ కిందటిది ఒకటి ఆ మధ్య అలమార సర్దుతుంటే దొరికింది. అందులో ఒక పుస్తకం పేరు కింద "చాలా బాగుంది, మళ్ళీ చదవాలి" అని ఉంది. రాత నాదే, కాని ఆ పుస్తకం ఏమిటో, అందులో ఏముందో ఎంత ఆలోచించినా ఒక్క ముక్క తట్టలేదు. దాని కిందనే మరో పుస్తకం పేరు పక్కన ఇలా ఉంది: "ఆసుపత్రి వరండాలో మొదలుపెట్టాను. 64వ పేజీలో ఉండగా నాన్నను లోపలికి పిలిచారు." అది చదవగానే ఆ వరండాలోని బెంచీ, నా మోచేతికి తగిలిన దాని ఇనుప చేయి, కంగారులో నేను మడిచిన పేజీ మూల, ఆ పేజీలో ఒక ముసలాయన తలుపు గడియ వేశాడో లేదో చూసుకోవడానికి మూడోసారి వెనక్కి నడిచే ఘట్టం, అన్నీ పూసగుచ్చినట్టు తిరిగి వచ్చాయి. పుస్తకాన్ని గురించి నేను ఆ రోజు ఒక్క అభిప్రాయమూ రాయలేదు. నాకు ఏం జరిగిందో రాసుకున్నాను, దాని వెంట పుస్తకం కూడా నిలిచింది.

ఇక మీ జ్ఞాపకశక్తి సంగతి. రోజువారీ పనుల్లో, తెలిసిన దారుల్లో, మనుషుల పేర్లలో తడబాటు వస్తుంటే వైద్యుణ్ణి కలవండి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనబడలేదు. చదివింది మరచిపోవడం మాత్రం చదివే ప్రతివారికీ ఉన్నదే. జర్మన్ మనోవైజ్ఞానికుడు హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో కొలిచి, ఆ ఫలితాలను 1885లో ప్రచురించారు. 20 నిమిషాల తరువాత 58 శాతం శ్రమ ఆదా అయింది, ఒక రోజు గడిచేసరికి ఆ ఆదా 34 శాతానికి పడిపోయింది, 31 రోజులకు 21 శాతం దగ్గర నిలిచింది. అంటే పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే పోతుంది, ఆ పైన మిగిలినది నెమ్మదిగా తరుగుతుంది. అదే ఎబింగ్‌హౌస్ అర్థమున్న పద్యాలతో ప్రయత్నిస్తే దాదాపు పదో వంతు శ్రమతోనే పట్టుబడ్డాయి. మనసు దేనికో ఒకదానికి ముడివేసుకోగలిగిన దాన్ని ఉంచుకుంటుంది, ముడి దొరకనిదాన్ని వదిలేస్తుంది. ఏడాదిలో 41 పుస్తకాలంటే, మీరు ఒకటి మూసిన వెంటనే మరొకటి తెరిచి ఉంటారు. నెమరు వేసుకునే వ్యవధి ఏ పుస్తకానికీ దక్కి ఉండదు.

మీకు ఊరటనిచ్చే మరో విషయం ఉంది. 16వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత మాంటేన్ పుస్తకాల మధ్య చాలా కాలం గడిపిన మనిషి. ఆయన కొన్నిసార్లు ఒక పుస్తకాన్ని కొత్తదనుకుని చేతిలోకి తీసుకునేవారట. తీరా చూస్తే కొన్నేళ్ళ కిందట తానే శ్రద్ధగా చదివి అంచుల నిండా రాసుకున్న పుస్తకం అది. ఈ మతిమరుపుకు విరుగుడుగా ఆయన ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నారు: పుస్తకం ముగించగానే చివరి పేజీలో ఆ తేదీని, మొత్తం మీద తనకు కలిగిన అభిప్రాయాన్ని రాసుకోవడం. మీ పద్ధతికి ఇది దగ్గరిదే కదా అనవచ్చు. తేడా ఏమిటంటే ఆయన ఆ మాటలు తనకోసం, ఆ పుస్తకంలోనే, తన నోటికి వచ్చినట్టు రాసుకున్నారు. మీరు రాసుకుంటున్నప్పుడే ఎవరో మార్కులు వేస్తారన్నట్టు రాస్తున్నారు.

కాబట్టి ముందుగా ఇది చేసి చూడండి. పుస్తకం ముగించిన రోజున ఏమీ రాయకండి. రెండు రోజులు ఆగండి. ఆ తరువాత పుస్తకాన్ని తెరవకుండా, వీలైతే మరో గదిలో ఉంచి, కాగితం ముందు కూర్చుని, కళ్ళు మూసుకుంటే ఏం కనబడుతుందో అది రాయండి. మొదట వచ్చేది కథలో ముఖ్యమైన ఘట్టం కాకపోవచ్చు. ఒక పాత్ర చేతి గాజు కావచ్చు, ఒక మెట్ల వరుస కావచ్చు, మీరు చదువుతున్నప్పుడు పక్కింట్లోంచి వినబడిన కూనిరాగం కావచ్చు. వచ్చింది వచ్చినట్టు రాయండి. పేర్లు గుర్తురాకపోతే "ఆ పెద్ద కోడలు" అని రాయండి. ఐదారు వాక్యాలు చాలు. ఇది నా సొంత నమ్మకం మాత్రమే కాదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనోవైజ్ఞానికులు విద్యార్థుల చేత కొన్ని చిన్న వ్యాసాలు చదివించి, కొందరిని అదే వ్యాసం మళ్ళీ చదవమన్నారు, మరికొందరిని వ్యాసం చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తరువాత అడిగితే మళ్ళీ చదివినవారిదే పైచేయి అయింది. వారం తరువాత అడిగితే, చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది, మళ్ళీ చదివినవారికి 42 శాతమే గుర్తుంది. మనసులోంచి తవ్వి తీసే కష్టమే ముడి వేస్తుంది. పుస్తకం పక్కన పెట్టుకుని వివరాలు ఎక్కించుకుంటున్నప్పుడు మీరు ఆ కష్టాన్ని తప్పించుకుంటున్నారు, దానితో పాటు లాభాన్ని కూడా.

ఫొటోలది కూడా ఇదే కథ. అమెరికాలో లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు కొందరిని మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమని, కొన్నింటిని ఫొటో తీయమని చెప్పారు. ఆ అధ్యయనం 2014లో అచ్చయింది. ఫొటో తీసిన వస్తువులే వారికి తక్కువగా గుర్తున్నాయి. యంత్రం దాచుకుంటుందని మనసు చేతులు దులుపుకున్నట్టు ఉంది. అయితే అందులోనే మరొకటి తేలింది: వస్తువు మొత్తాన్ని కాక, ఏదో ఒక భాగాన్ని దగ్గరగా చేసి తీసినప్పుడు జ్ఞాపకం దెబ్బతినలేదు. ఎక్కడ దగ్గరికి వెళ్ళాలో ఎంచుకోవడానికి చూడక తప్పదు కాబట్టి కావచ్చు. మీ ఫోనులోని వందల పేజీల ఫొటోల జోలికి పోకండి. పేజీ మొత్తం నచ్చినప్పుడు అందులో ఒక్క వాక్యాన్ని, ఒక్కటంటే ఒక్కదాన్నే, ఎంచుకుని చేత్తో ఎత్తి రాసుకోండి. ఏది వదిలేయాలో తేల్చుకోలేక మీరు ఆ పేజీని నాలుగుసార్లు చదువుతారు, చదువు అక్కడ జరుగుతుంది.

41 అన్న అంకె గురించి కొంచెం వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే మీకు దాని మీద గర్వమూ ఉంది, దిగులూ ఉంది. లెక్క పెట్టుకోవడమే తప్పని చాలామంది అంటారు. నేను అలా అనను. చార్లెస్ డార్విన్ 1838 నుంచి 1860 వరకు తాను చదివిన పుస్తకాలను, చదవదలచుకున్న పుస్తకాలను నోటు పుస్తకాల్లో జాబితాలుగా రాసుకున్నారు. అవి అవసరం కోసం రాసుకున్న పట్టీలు, పనికి పనికొచ్చాయి. ఆయనకు పుస్తకం పూజా వస్తువు కాదు, పనిముట్టు. బరువైన పుస్తకాన్ని పట్టుకోవడానికి వీలుగా మధ్యకు రెండు ముక్కలుగా కోసేవారని, చదువుతూ పెన్సిలుతో పక్కన గీతలు గీసి, ఆ పేజీల సంఖ్యలను పుస్తకం చివర వరుసగా వేసుకునేవారని కొడుకు ఫ్రాన్సిస్ రాశారు. అదే డార్విన్ మరో లెక్క కూడా పెట్టుకున్నారు. ఆయన, భార్య ఎమ్మా రోజూ రాత్రి బ్యాక్‌గామన్ అనే పాచికల ఆట ఆడేవారు. 1876 మొదట్లో స్నేహితుడైన వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రేకు రాసిన ఉత్తరంలో, ఎమ్మా పాపం 2490 ఆటలే గెలిచిందని, తానేమో 2795 గెలిచానని, పిల్లవాడిలా జయజయధ్వానాలతో సహా చెప్పుకున్నారు. ఆ రెండు అంకెలు చదివితే ఒక దీపం, ఒక బల్ల, ఏళ్ళ తరబడి ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు కనబడతారు. పుస్తకాల జాబితాలో అది కనబడదు. అంకెలో మనిషి ఉంటే అంకె కూడా ఆనందమే. మీ 41లో ఎవరున్నారో చూడండి. "ఈ నెల నాలుగు చదివాను" అని కాక, "ఈ నెల ఒకే పుస్తకాన్ని రెండుసార్లు చదివాను, రెండోసారి నాకు ఆ తల్లి మీద కోపం రాలేదు" అని రాసే నెల ఒకటి వస్తే మీ అక్కగారు ఆ ఉత్తరాన్ని దాచుకుంటారు.

సగంలో వదిలేసిన పుస్తకాల గురించి మీరు ఎక్కడా ప్రస్తావించలేదు. ముగించినవే లెక్కలోకి వస్తాయి కాబట్టి కావచ్చు. వాటినీ రాయండి. ఎక్కడ వదిలేశారు, ఆ రోజు మీ మనసు ఎలా ఉంది అన్నది పుస్తకం కంటే మీ గురించే ఎక్కువ చెబుతుంది.

సంతోషాల విషయానికి వద్దాం. రోజుకు మూడు రాయాలన్న నియమం మంచి ఉద్దేశంతోనే పెట్టుకున్నారు, కాని దాన్ని సడలించండి. సోన్యా ల్యుబోమిర్‌స్కీ, ఆమె సహచరులు 2005లో ప్రచురించిన ఒక వ్యాసంలో చెప్పిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది: ఆరు వారాల పాటు తమ జీవితంలోని మేళ్ళను రాసుకున్న విద్యార్థుల్లో, వారానికి ఒకసారి రాసినవారికి సంతోషం పెరిగింది, వారానికి మూడుసార్లు రాసినవారికి పెరగలేదు. తరచుగా చేసేసరికి అది మొక్కుబడిగా మారిపోయి ఉంటుందని వారు భావించారు. మీది వారానికి ఏడుసార్లు, అదీ మూడేసి చొప్పున. మధ్యాహ్నం నుంచే రాత్రికి రాయవలసిన సంతోషాల కోసం వెతుక్కునే మనిషికి ఎదురుగా ఉన్నది కూడా సరుకుగానే కనబడుతుంది. వారంలో ఒక సాయంత్రం పెట్టుకోండి, ఒక్కటే రాయండి, కాని దాన్ని వదలకుండా అరపేజీ రాయండి.

మీ పేజీలో ఒక రోజు కింద ఇలా ఉంది: "వాన. దుప్పటి. పాత పాట." ఈ మూడింటిలో దుప్పటి దగ్గర నాకు కుతూహలం కలిగింది. ఎండలో ఆరేసిన దుప్పటిని అప్పుడే తెచ్చి కప్పుకున్నప్పటి వెచ్చదనమా? ఎవరో మీరు నిద్రపోయాక వచ్చి కప్పి వెళ్ళిన దుప్పటా? కాళ్ళ దగ్గర చల్లగా ఉన్న చోటును వెతుక్కుంటూ పాదాలు కదిపిన సుఖమా? ఒక్క మాటగా రాసిన సంతోషం ఆ రాత్రి మీకు తెలుస్తుంది, నెలాఖరుకు మీకే తెలియదు, ఇక దూరాన ఉన్న అక్కకు ఎలా తెలుస్తుంది? సంతోషానికి ముందు ఏముందో రాయండి. అలసట ఉందా, ఎవరి మీదైనా విసుగు ఉందా, ఏదైనా కబురు కోసం ఎదురుచూస్తున్నారా? ముందున్నది తెలిస్తేనే దుప్పటి వెచ్చదనం అవతలివారికి తగులుతుంది. దుఃఖం ఉన్న నెలలో సంతోషాల భాగం కోసం దుఃఖాన్ని దాచవద్దు. తలనొప్పితో గడిచిన రోజున తలగడను తిప్పి చల్లటి వైపు చెంప ఆనించుకోవడం ఎంత పెద్ద సుఖమో, తలనొప్పిని కూడా రాసినప్పుడే అర్థమవుతుంది.

ఇంకొకటి. ఉత్తరంలో పుస్తకాలకు ఒక భాగం, సంతోషాలకు ఒక భాగం అని మీరు గీత గీసుకున్నారు. నాకు ఆ గీతే మొత్తం చిక్కుకు మూలమనిపిస్తోంది. అవి రెండూ ఒకే మనిషికి, ఒకే రోజుల్లో జరుగుతున్నాయి. నా అనుభవం ఒకటి చెబుతాను. తొలివాన వాసన గురించి ఎక్కడో చదివాను. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ ఆ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఎండిన రోజుల్లో మొక్కల నుంచి వచ్చే ఒక రకం నూనెలను మట్టి, రాళ్ళు పీల్చుకుని ఉంచుకుంటాయి, తేమ తగలగానే వదులుతాయి. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం కూడా అందులో కలుస్తుంది. చదివి ఊరుకున్నాను. కొన్ని వారాల తరువాత ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని మరేదో పని చేసుకుంటుంటే ఆ వాసన వచ్చింది, కాని వాన లేదు. తల ఎత్తి చూస్తే దూరాన ఆకాశం నల్లగా ఉంది, మా దగ్గర నేల ఇంకా పొడిగానే ఉంది. ఎక్కడో పడుతున్న వాన తన ముందు గాలిని తోలుతోందని, ఆ ఎక్కడో ఉన్న మట్టి ఇన్నాళ్ళూ దాచుకున్నది వదిలేస్తోందని తెలిసి, చేతిలో పని ఆపి చినుకు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. చిన్నప్పటి నుంచి ఎరిగిన వాసనే; ఆ రోజు మాత్రం ఒక పేజీ నా పక్కన నిలబడినట్టు అనిపించింది. దీన్ని నేను ఏ భాగంలో రాయాలి? మీ నోటు పుస్తకంలో కూడా ఇలాంటివి ఉండి ఉంటాయి, గీతకు అటొక సగం, ఇటొక సగం విడిపోయి.

ఇంత చిన్న విషయాల మీద సమయం పెట్టడం తప్పా అని అడిగారు. దీనికి మళ్ళీ డార్విన్ దగ్గరికే వెళతాను. బ్యాక్‌గామన్ లెక్క చెప్పిన ఆ 1876లోనే ఆయన పిల్లల కోసం తన జీవితకథ రాసుకున్నారు. ముప్పై ఏళ్ళ వరకు, ఆ తరువాత కొంతకాలం కూడా, కవిత్వం తనకు ఎంతో ఆనందాన్నిచ్చేదని, ఇప్పుడు ఒక్క పంక్తి కూడా చదవలేకపోతున్నానని, తన మనసు వివరాల గుట్టలోంచి సూత్రాలు పిండి తీసే యంత్రంలా అయిపోయిందని అందులో బాధపడ్డారు. మళ్ళీ బతికే అవకాశమే ఉంటే, వారానికి ఒకసారైనా కొంత కవిత్వం చదవాలని, కొంత సంగీతం వినాలని నియమం పెట్టుకునేవాణ్ణని రాశారు. ఆ అభిరుచులు పోవడమంటే సంతోషం పోవడమేనని కూడా అన్నారు. ఆయనకు అప్పటికీ మిగిలిన ఆనందాల్లో నవలలు ఒకటి. ఇంట్లోవాళ్ళు పైకి చదివి వినిపిస్తుంటే విని, నవలలు రాసేవారందరినీ దీవించేవారు. కథ విషాదంగా ముగియకుండా ఒక చట్టం ఉండాలని కోరుకునేవారు. జీవుల పుట్టుక గురించి ప్రపంచం ఆలోచించే తీరునే మార్చిన మనిషి, వెనక్కి తిరిగి చూసుకుని, పోగొట్టుకున్నదాని జాబితాలో ఒక పద్యాన్ని, ఒక పాటను రాసుకున్నారు. వాడకపోతే పోయే శక్తి ఇది. మీరు మూడేళ్ళుగా దాన్ని వాడుతున్నారు, అక్కగారి చేత వాడిస్తున్నారు. ఇందులో తప్పు ఎక్కడుంది? నాకు కనబడటం లేదు.

పైకి చదవడం గుర్తుకు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఫోనులో మాట్లాడుకునేటప్పుడు వారానికి ఒకసారి, ఒక పేజీ మీ అక్కగారికి చదివి వినిపించండి. గొంతు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వణికిందో ఆమె వింటారు. ఉత్తరంలో మీరు కనబడలేదన్నవారికి ఆ పేజీలో వినబడతారు.

కళ్ళ విషయం వాయిదా వేయకండి. నలభై దాటాక కంటి కటకం బిగిసిపోయి దగ్గరి అక్షరాలు పట్టుకోవడం కష్టమవడం అందరికీ ఉన్నదే. పరీక్ష చేయించుకుని, అద్దాలు అవసరమైతే పెట్టుకోండి, వెలుగు పుస్తకం మీద పడేలా కూర్చోండి. తెర మీద చదివేటప్పుడు రెప్పలు తక్కువగా ఆడతాయి కాబట్టి కళ్ళు త్వరగా ఆరిపోతాయి. మధ్యమధ్య తల ఎత్తి దూరంగా చూస్తుండండి. తల ఎత్తిన ఆ క్షణాల్లో చాలాసార్లు రాయదగ్గదేదో కంటబడుతుంది, ఇది నాకు అనుభవం.

ఈ నెల ఉత్తరానికి ఇంకా కొన్ని రోజుల గడువు ఉంది. కొత్త పుస్తకమేదీ మొదలుపెట్టకండి. ఆ 312 పేజీల నవలను అలమారలోనే ఉంచి, కరెంటు పోయిన ఆ రాత్రి నుంచి మొదలుపెట్టండి. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, మీరు ఎక్కడ కూర్చున్నారు, ఏ వాక్యం దగ్గర దీపం ఆరిపోయింది, "ఇక పడుకోకూడదా" అని ఎవరైనా అంటే మీరేం జవాబు చెప్పారు, చివరి పేజీ అయిపోయాక ఫోను వెలుగు ఆపేసి చీకట్లో ఎంతసేపు కూర్చున్నారు, అదంతా రాయండి. నవల పేరు, రచయిత పేరు ఉత్తరం చివర ఒక్కసారి వస్తే చాలు. ఆ కింద ఒక ప్రశ్న అడగండి: "అక్కా, నువ్వు ఈ మధ్య ఏం చదువుతూ నిద్ర మానుకున్నావు?" మూడేళ్ళుగా ఉత్తరాలు మీ వైపు నుంచే వెళుతున్నాయని మీ మాటలను బట్టి అర్థమైంది. ఆమె వైపు నుంచి ఏం వస్తుందో తెలుసుకోవాలని నాకు కూడా ఉంది. వచ్చాక, ఆమె ఒప్పుకుంటే, రెండు మాటలు రాయండి.